తెల్ల ఫిల్మ్ చుట్టిన మొక్కజొన్న బేళ్లలో బూజు. ఎండుగడ్డి చుట్టలకూ ఇదే చుట్టించవచ్చా?

తెనాలి గేదెలు (మే 4, ఉదయం 6:10)

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. పదహారు గేదెలున్నాయి, ఇప్పుడు పదకొండు పాలిస్తున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పనలన్నీ నీళ్లలో నానిపోయాయి. గింజ సంగతి సరే, గడ్డి కూడా దక్కలేదు. ఆ ఏడాదంతా గడ్డి కొని మేపాం. అప్పటి నుంచి వాన అంటేనే టెన్షన్.

అందుకే ఈసారి వరి కోశాక దున్నకుండా వేసిన మొక్కజొన్నలో ఒక ఎకరం పశువులకే ఉంచాను. మార్చి చివర్లో మిషన్ వాళ్లను పిలిచి సైలేజ్ బేళ్లు (పచ్చిమేతను ముక్కలు చేసి, గాలి చొరకుండా చుట్టి పులియబెట్టే కట్టలు) కట్టించాను. ఒక్కోటి మూడడుగుల ఎత్తు, దాదాపు 400 కిలోలు. మొత్తం 38 వచ్చాయి. తెల్ల ఫిల్మ్ చుట్టి ఇచ్చారు. నెల దాటాక విప్పడం మొదలుపెట్టాను. ఇప్పటికి తొమ్మిది విప్పితే నాలుగింటిలో బూజు కనిపించింది. ఒకదానిలో జానెడు లోతు వరకు నల్లబడింది.

రెండో సంగతి. డిసెంబరులో పెద్ద బేలర్‌తో వరిగడ్డి చుట్టించాను. నాలుగడుగుల చుట్టలు, 28 ఉన్నాయి. ఇప్పుడు దొడ్లో పట్టా కప్పి ఉన్నాయి. జూన్‌లో వానలు పడేలోపు వీటికి కూడా అదే తెల్ల ఫిల్మ్ చుట్టిస్తే షెడ్డు ఖర్చు తప్పుతుందని నా ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

---

సూర్యాపేట బేలర్ (మే 4, ఉదయం 8:45)

అన్నా, నేను ఆరేళ్లుగా మక్క సైలేజ్ కడుతున్నాను, మిషన్ సొంతం. మీ బేళ్లు చూడకుండా తప్పు ఎవరిదో చెప్పలేను. ముందు ఇవి చెప్పండి. చుట్టేటప్పుడు బేలు టేబుల్ మీద ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో ఎవరైనా లెక్క పెట్టారా? కోసిన ఎన్ని గంటలకు చుట్టారు? ఎక్కడ దించారు, చేలోనా దొడ్లోనా? తర్వాత ఎన్ని రోజులకు జరిపారు, దేనితో జరిపారు?

లెక్క ఎందుకంటే, ఫిల్మ్ ఒక పొర మందం 25 మైక్రాన్లే. పట్టీలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా పడితే, బేలు ఒకసారి మొత్తం కప్పుకునేసరికి రెండు పొరలు అయినట్టు. మక్కకు నేను ఆరు పొరలకు తగ్గను. నాలుగు చాలంటారు కొందరు. పచ్చగడ్డికి నీడలో చాలేమో గానీ మన ఎండకు, మక్క మోళ్ల గరుకుకు చాలవు. పొర తగ్గిస్తే ఒక్కో బేలు మీద మిగిలేది కొద్ది రూపాయలే. పోయేది మాత్రం బేలంతా.

---

పలమనేరు పాడి (మే 4, ఉదయం 9:30)

అన్నా, మాకు నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు. పెద్ద బేళ్లు రెండుసార్లు తెచ్చి చూసినాము. ఆవుకు రోజుకు 15 నుంచి 20 కిలోలు వేస్తే నాలుగింటికి 80 కిలోలకు మించదు. 400 కిలోల బేలు విప్పితే ఐదారు రోజులు పడుతుంది. మూడో రోజుకే లోపల వేడెక్కి, నాలుగో రోజుకు బూజు వాసన వచ్చేది. చుట్టడంలో లోపం లేదు, మా మందకు ఆ సైజు సరిపోదంతే. ఇప్పుడు 60 కిలోల చిన్న బేళ్లు తెప్పిస్తున్నాము. పొద్దున విప్పితే రాత్రికి ఖాళీ.

మీకు పదహారు గేదెలు కాబట్టి బేలు ఒకటిన్నర రోజులో అయిపోవాల. విప్పినప్పుడే బూజు ఉందా, విప్పినాక వచ్చిందా? అది చూసుకోండి.

---

విశ్రాంత పశువైద్యుడు (మే 4, మధ్యాహ్నం 1:15)

కారణం తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆ నల్లబడిన మేత గేదెలకు వేశారా?

బూజు పట్టిన చోట కనిపించేది పైపై భాగమే. దాని చుట్టూ కనీసం జానెడు మేర తీసి పారేయాలి. బేలు సగం పైగా చెడితే మొత్తం ఎరువు గుంటకే. ‘కొంచెం కొంచెం మంచిదాంట్లో కలిపి వేస్తే ఏం కాదు’ అనే మాట ఎన్నోసార్లు విన్నాను. దయచేసి అలా చేయకండి. కొన్ని బూజుల విషం పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. మట్టి కలిసిన సైలేజ్‌లో, సరిగా పులవని సైలేజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. పశువు మెడ ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరగడం, చూడి పశువు ఈసుకుపోవడం (గర్భం పోవడం) కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వాసన గుర్తుపెట్టుకోండి. బాగా పులిసిన సైలేజ్ పుల్లటి వాసన వేస్తుంది, కాస్త పండ్ల వాసనలా ఉంటుంది. రంగు పసుపు కలిసిన ఆకుపచ్చ. చెడిన వెన్న వాసన వస్తే నీరు ఎక్కువైందని, లేదా మట్టి కలిసిందని అర్థం. గోధుమరంగుకు తిరిగి కాల్చిన పొగాకు వాసన వస్తే లోపల గాలి మిగిలి వేడెక్కిందని. గుంటూరు జిల్లా వాళ్లకు పొగాకు వాసన నేను చెప్పక్కర్లేదు.

---

తెనాలి గేదెలు (మే 4, రాత్రి 9:40)

డాక్టర్ గారూ, నల్లబడింది వేయలేదు. మా నాన్న వద్దన్నారు. తెల్ల బూజు ఉన్న చోట మాత్రం పైపైన తీసి వేశాం. ఇక మానేస్తాను. గేదెలు బాగానే ఉన్నాయి, పాలు తగ్గలేదు.

పలమనేరు అక్కా, విప్పినప్పుడే బూజు ఉంది. డాక్టర్ గారు చెప్పిన పొగాకు వాసన ఒకదానిలో స్పష్టంగా ఉంది.

సూర్యాపేట అన్నా, తిరుగుళ్లు ఎవరూ లెక్క పెట్టలేదు. కోయడం పొద్దున మొదలైంది. మధ్యాహ్నం మిషన్ బెల్టు తెగింది, బాగుచేసి చుట్టడం అయ్యేసరికి రాత్రి పదకొండు. సగం బేళ్లు అలా ఆలస్యంగా చుట్టినవే. చేలోనే దించారు. నాలుగు రోజుల తర్వాత కూలీలను పెట్టి దొర్లించి ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించాం. రేపు ఇంకో నాలుగు పరిశీలించి కొలతలతో వస్తాను.

---

సూర్యాపేట బేలర్ (మే 5, ఉదయం 7:00)

ఇక సగం జవాబు దొరికినట్టే. కోత తీసి ముక్కలు చేసిన మక్క ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. పోగు పోసి ఎండలో ఉంచితే కొన్ని గంటల్లోనే వేడెక్కుతుంది. అందులో చక్కెర అక్కడే కాలిపోతుంది, పులిసే బ్యాక్టీరియాకు తిండి ఉండదు. నేను కోసినంత చుట్టి, చుట్టినంతే మళ్లీ కోస్తాను. మిషన్ ఆగితే కోత కూడా ఆపేస్తాను. రైతు తొందరపెట్టినా ఒప్పుకోను.

ఇంకొకటి. చేలో కోసిన మోళ్లు ఏటవాలుగా మేకుల్లా ఉంటాయి. దాని మీద 400 కిలోల బేలు దించితే అడుగున ఫిల్మ్ పొడుచుకోదా? పైగా దొర్లించారు.

ఫిల్మ్ వెడల్పు కొలవండి. 750 మిల్లీమీటర్ల రోలు అయితే బేలు మీద ఒక పట్టీ 600 దగ్గర రావాలి. అంతకంటే బాగా సన్నగా ఉంటే మిషన్ ఎక్కువ సాగదీసినట్టు. మధ్యాహ్నం ఎండలో రోలు మెత్తబడి మరీ సాగుతుంది. నేను వేసవిలో రోళ్లను తడి గోనె కప్పి నీడలో పెడతాను.

---

వైకాటో కుర్రాడు (మే 5, ఉదయం 11:20)

నాది పొన్నూరు, ఇప్పుడు న్యూజిలాండ్‌లోని వైకాటోలో డైరీ ఫార్మ్‌లో పని. ఇక్కడ వసంతంలో మిగులు గడ్డిని కోసి, ఒక రోజు వాడ్చి, గుండ్రటి బేళ్లు కట్టి ఫిల్మ్ చుడతాం. సీజన్‌లో రోజుకు వందల బేళ్లు పడతాయి. నేను మొదటి సంవత్సరం పడిన చీవాట్లలో సగం బేలును ఎలా పట్టుకున్నావన్న దాని మీదే.

ఇక్కడ మా బాసు నేర్పింది చెబుతాను. బేలు చదునైన ముఖం మీద నిలబెట్టాలి, డ్రమ్ము నిలబెట్టినట్టు. చుట్టేటప్పుడు రెండు చదునైన ముఖాల మీద పట్టీలన్నీ కలుస్తాయి కాబట్టి అక్కడే పొరలు ఎక్కువ. గుండ్రటి వైపు పడుకోబెడితే పలచటి చోటు నేలకు ఆనుతుంది, బేలు కూడా కూలబడి ఫిల్మ్ సాగుతుంది. జరపాలంటే చుట్టిన రోజే జరపాలి. ఆలస్యమైతే నెలన్నర దాకా కదపకూడదు. మధ్యలో లోపల గ్యాసు వస్తుంటుంది, జిగురు పట్టిన పొరలు జారితే మళ్లీ అతుక్కోవు. ముల్లులాంటి ఫోర్కుతో గుచ్చే పని అసలే లేదు. రెండు చేతుల్లా నొక్కి పట్టే గ్రాబ్ వాడతాం.

రంధ్రం పడితే ఆ రోజే సైలేజ్ టేపు. ప్యాకింగ్ టేపు, కరెంటు టేపు ఎండకు పదిరోజుల్లో ఊడిపోతాయి. ఫిల్మ్ తుడిచి ఆరాక అంటించాలి. నేను పొద్దున మంచు తడి మీద అంటించి రెండుసార్లు పోగొట్టుకున్నాను.

---

తెనాలి గేదెలు (మే 6, రాత్రి 8:15)

కొలిచాను. పట్టీ వెడల్పు చాలా బేళ్ల మీద 610, 600. ఏడు బేళ్ల మీద మాత్రం 520, 530. ఆ ఏడూ మిట్టమధ్యాహ్నం చుట్టినవి, నాకు గుర్తుంది, ఎందుకంటే అప్పుడే బెల్టు తెగింది. విప్పకముందు ఫిల్మ్‌ను వేలితో నొక్కి చూస్తే మిగతావి గట్టిగా ఉన్నాయి, ఇవి జారుతున్నాయి.

చెడిన నాలుగింటిలో మూడు అడుగు పక్క చెడ్డవే. ఫిల్మ్ తిప్పి చూస్తే మోళ్ల గుర్తులు. ఒక్కో రంధ్రం కందిగింజంత. దాని పైన బూజు మాత్రం పళ్లెమంత. ఇంత చిన్న రంధ్రానికి అంత నష్టమా అని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నాలుగోదానికి రంధ్రం లేదు, అది రాత్రి పదకొండుకు చుట్టిన పోగులోది. దానిలోనే పొగాకు వాసన.

పొరల లెక్కకు ఒక పక్క కత్తితో కోసి విడదీశాను. నాలుగే ఉన్నాయి. నాకు ఆరు అని చెప్పారు. మాటామాటా పెంచుకోదలచుకోలేదు. వచ్చే ఏడాది దగ్గరుండి లెక్క పెట్టుకుంటాను.

ఇప్పుడు మిగిలిన 29 బేళ్లలో ఏం చేయాలి?

---

సూర్యాపేట బేలర్ (మే 6, రాత్రి 9:05)

అనుమానం ఉన్నవి ముందు వాడేయండి. సాగిన ఏడింటిలో మిగిలినవి, రాత్రి చుట్టినవి, ఈ నెలలోనే అయిపోవాలి. బాగున్నవి వానాకాలానికి ఉంచండి. రంధ్రాలున్నవి టేపు వేసి కింద ఇసుక పోసి నిలబెట్టండి. కాకి, నెమలి వచ్చే ఊరైతే పైన పాత చేపల వల కప్పండి. కాకి ముక్కు ఎక్కడ పొడిచిందో వాసన చూస్తే కానీ తెలియదు.

---

కోనసీమ మేటు (మే 7, ఉదయం 5:50)

బాబూ, మీ రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. నాకు డెబ్భై దగ్గరపడుతున్నాయి, నలభై ఏళ్లు గడ్డిమేటు వేశాను. ఎండుగడ్డికి ఆ ప్లాస్టిక్ చుట్టకండి.

మేటు ఎలా వేసేవాళ్లమో ఆలోచించండి. అడుగున తాటి దుంగలు, కొమ్మలు పరిచి ఎత్తు చేసి, పైన ఏనుగు వీపులా గుండ్రంగా దించేవాళ్లం, వాన జారిపోవడానికి. పక్కలు మాత్రం ఎప్పుడూ కప్పలేదు, గాలి ఆడాలి కాబట్టి. లోపల కాస్త పచ్చి ఉంటే ఆవిరి బయటకు పోవాలి. మీరు ప్లాస్టిక్ చుట్టితే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? పగలు ఆవిరై పైకెక్కి, రాత్రి చల్లబడి ఫిల్మ్ లోపలే నీళ్లు కట్టి, పై వరస తడుస్తుంది. బూజు పట్టడానికి ఇంకేం కావాలి?

---

సూర్యాపేట బేలర్ (మే 7, ఉదయం 7:30)

పెద్దాయన మాట కాదనను, కానీ ఒక చిన్న తేడా. నిజంగా ఎండిన గడ్డికి, అంటే పదిహేను శాతం లోపు తేమ ఉన్నదానికి, మేం రెండు పొరల ఫిల్మ్ గుండ్రటి వైపు మాత్రమే చుట్టి, రెండు ముఖాలు వదిలేసి ఇచ్చాం. ఒక వానాకాలం నిలిచింది.

---

వైకాటో కుర్రాడు (మే 7, ఉదయం 10:10)

అన్నా, ఇక్కడ కూడా అచ్చంగా అదే గొడవ. పచ్చిది చుట్టామంటే లోపల గాలి అయిపోవాలి, అది పులవాలి. ఎండుది అంటే లోపల గాలి ఆడాలి. మధ్యస్తంగా ఇరవై అయిదు, ముప్పై శాతం తేమ ఉన్న గడ్డే అన్నిటికంటే ప్రమాదం. పులిసే నీరు లేదు, నిలవ ఉండే పొడి లేదు. ఎండిన గడ్డికి ఇక్కడ నెట్ (ప్లాస్టిక్ వల) చుట్టి షెడ్డులో పెడతాం, ఆ నెట్ పొరలు ఇరుకుగా పడితే వాన నీరు కొంత జారిపోతుంది.

మా తాతగారు పొన్నూరులో మేటు గుండ్రంగా ఎందుకు దించేవారో ఇప్పుడు పెద్దాయన చెబితే తెలిసింది.

---

విశ్రాంత పశువైద్యుడు (మే 7, సాయంత్రం 4:30)

గడ్డిలో వేడి గురించి కూడా ఒక మాట. తేమ ఉన్న ఎండుగడ్డి చుట్టలు గుట్టలా పేరిస్తే లోపల వేడి పెరిగి తనంతట తానే అంటుకోవచ్చు. ఒక ఇనుప గునపం చుట్ట మధ్యకు దించి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ గుట్టను వెంటనే విడదీయండి, నీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

ఎండుగడ్డిని గాలి చొరకుండా కప్పడానికి ఒక మంచి సందర్భం ఉంది. అది యూరియా మాగుడు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా 50, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొర పొరకూ చల్లి, తొక్కి, పాలిథిన్ కప్పి అంచులకు మట్టి వేయాలి. 21 రోజులు కదపకూడదు. యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోని గట్టి నారను మెత్తబరుస్తుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. వేసేముందు కాసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. కరగని యూరియా గడ్డల మీద పశువు నోరు పడితే ప్రాణం పోతుంది, కాబట్టి కరిగించే పని మీరే చూసుకోండి.

ఇంకో విన్నపం. నెట్, పురి తాడు పూర్తిగా తీశాకే మేత వేయండి. పొట్ట కోసి పనలకొద్దీ ప్లాస్టిక్ దారం తీసిన సందర్భాలు నా ఉద్యోగంలో ఎన్నో. చాఫ్ కట్టర్లో (గడ్డి నరికే మిషన్‌లో) నెట్‌తో సహా వేసే అలవాటుంటే ఈరోజే మానుకోండి.

---

పలమనేరు పాడి (మే 7, రాత్రి 7:50)

డాక్టర్ గారి నెట్ మాట నిజం. పోయినేడు మా పక్కింటోళ్ల ఆవు అట్లే పోయింది. మేము విప్పిన నెట్‌ను గోనెలో వేసి మూతి కట్టి పెడతాము, దొడ్లో ముక్క కూడా వదలము.

మొక్కజొన్న కోత దశ గురించి కూడా ఒక మాట చెప్తాను. పచ్చి మొక్కజొన్న గింజ పాల దశలోనే కోస్తే నీళ్లు ఎక్కువై కిందికి కారిపోతుంది. గింజలో పాలగీత (గట్టిపడిన భాగానికీ పాల భాగానికీ మధ్య గీత) సగం దిగినాక, ముక్కల్ని పిడికిట్లో గట్టిగా పిసికి వదిలితే ఉండ మెల్లగా విడిపోవాల. నీళ్లు కారితే ఇంకా ఆగాల. వెంటనే పొడిపొడిగా రాలితే ఆలస్యమైనట్టు. మాకు ఇదొక్కటే కొలత.

---

తెనాలి గేదెలు (మే 19, ఉదయం 6:30)

అప్‌డేట్. గడ్డి చుట్టలకు ఫిల్మ్ చుట్టించే ఆలోచన మానేశాను. గునపం దింపి చూశాను, చల్లగానే వచ్చింది. 28 చుట్టల్లో 20ని దొడ్లో ఎత్తుగా తాటి దుంగలు పరిచి వాటి మీద వరసగా పెట్టి, రేకుల పందిరి వేయించాను, పక్కలు తెరిచి ఉంచాను. కోనసీమ మేటు పెద్దాయన గారూ, దుంగల సంగతి మీరు చెప్పినట్టే చేశాను. పందిరికి అయిన ఖర్చు ఒక్కసారిదే, ఫిల్మ్ అయితే ప్రతి ఏడూ కొనాలి. మిగిలిన 8ని యూరియా మాగుడుకు పెట్టాం. మా ఆవిడా నేనూ కలిసి యూరియా కరిగించాం, పిల్లల్ని దగ్గరకు రానివ్వలేదు.

సైలేజ్ బేళ్లు ఇసుక మీద నిలబెట్టి, కందిగింజ రంధ్రాలన్నింటికీ టేపు వేశాను. ఒక్కో బేలు చుట్టూ తిరిగి చేత్తో తడిమి చూడటానికి రెండు పొద్దుటి పూటలు పట్టింది. ఇరవై ఒక్క రంధ్రాలు దొరికాయి. అనుమానం ఉన్నవి వరసగా ముందు విప్పుతున్నాం. ఇప్పటికి ఇంకో ఎనిమిది విప్పితే ఒకదానిలోనే గరిటెడు బూజు, అదీ తీసి పారేశాం.

వైకాటో తమ్ముడూ, విప్పిన ఫిల్మ్ మీరు ఏం చేస్తారు? ఇక్కడ చాలామంది గట్టు మీద కాలుస్తున్నారు.

---

వైకాటో కుర్రాడు (మే 19, మధ్యాహ్నం 12:40)

కాల్చొద్దన్నా, ఆ పొగ గేదెలకూ మీకూ మంచిది కాదు. ఇక్కడ మట్టి, గడ్డి దులిపి, ఫిల్మ్ వేరుగా, నెట్ వేరుగా పెద్ద సంచుల్లో కట్టి ఉంచితే రీసైక్లింగ్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. నెట్, ఫిల్మ్ కలిపితే తీసుకోరు.

---

తెనాలి గేదెలు (మే 20, ఉదయం 6:05)

ఊళ్లో పాత సామాను కొనే అతన్ని అడిగాను. కడిగి ఆరబెట్టి ఇస్తే తెల్ల ఫిల్మ్ కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. నెట్ వద్దన్నాడు. నిన్న విప్పిన రెండు బేళ్ల ఫిల్మ్ బోరు దగ్గర కడిగి దండెం మీద ఆరేశాను.